భీమిలి దగ్గర తోట ఇంటికి ఆఫ్ గ్రిడ్ సోలార్: మీ కొటేషన్‌లో నేనైతే ఏం మారుస్తాను

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రిటైరయ్యాక భీమిలి దాటాక సముద్రానికి కిలోమీటరు లోపున్న జీడి తోటలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు, కరెంట్ స్తంభం దూరం కాబట్టి లైన్‌తో పనిలేని ఆఫ్ గ్రిడ్ సోలార్ అనుకున్నారు, ఈలోపు ఒక డీలర్ వచ్చి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, 24 వోల్ట్ల 3 కిలోవాట్ల ఇన్వర్టర్, పీడబ్ల్యూఎం రకం చార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంట్‌ని బ్యాటరీకి సర్ది పంపే పెట్టె), 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం) నాలుగు అని రాసిచ్చి, పైగా "78 వేలు సబ్సిడీ వస్తుంది సార్, బ్యాటరీల వైపు పదేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు. ఇది సరిపోతుందా, ట్యూబులర్ మంచిదా లిథియమా, తర్వాత ఏమేం చూసుకుంటూ ఉండాలి అని మీరు అడిగారు. నేను 2009 నుంచి ఇదే పనిలో ఉన్నాను, విశాఖ నుంచి అరకు దాకా మేడలెక్కి దిగుతూనే ఉన్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు సబ్సిడీ మాట. ఆ 78 వేలు పీఎం సూర్య ఘర్ పథకంలోది, 3 కిలోవాట్లు ఆపైన పెట్టుకుంటే వచ్చే గరిష్ఠ మొత్తం. కానీ అది గ్రిడ్‌కి, అంటే ఊరి కరెంట్ లైన్‌కి, కలిపిన సోలార్‌కి మాత్రమే. మీటర్ లేని, లైన్ లేని ఇంటికి ఆ పథకం వర్తించదు. ఆ ఒక్క మాట అబద్ధం చెప్పాడంటే మిగతా కొటేషన్ కూడా భూతద్దం పెట్టి చూడాల్సిందే. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, ట్యూబులర్ బ్యాటరీల మీద 28 నుంచి 18కి దిగింది. మీ కాగితం మీద ఏ శాతం వేశాడో చూడండి, పాత రేటు వేసుంటే తిరగరాయించండి.

రెండోది, ఇది మీకు నచ్చకపోవచ్చు: మన కరెంట్ సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకి వెళ్లి లైన్ లాగడానికి ఎంతవుతుందో అంచనా వేయించారా? వేయించకుండా సోలార్‌లోకి దిగొద్దు. ఎందుకంటే ఆఫ్ గ్రిడ్‌లో ఎండ ఉచితమే గానీ రాత్రి ఉచితం కాదు. నాలుగు ట్యూబులర్ బ్యాటరీలు 70 వేలు అనుకుందాం, మీ వాడకంలో రోజుకి రెండు యూనిట్ల పైచిలుకు వాటిలోంచి తీస్తారు, అయిదేళ్లు బతికాయనుకుందాం. లెక్కేస్తే యూనిట్‌కి 17 రూపాయల పైనే బ్యాటరీ అరుగుదలకే పోతుంది, ప్యానెళ్లూ ఇన్వర్టర్ సంగతి ఇంకా రానేలేదు. ఇంటి కరెంట్‌లో అన్నిటికన్నా పై శ్లాబు కూడా పది రూపాయల లోపే. లైన్ అంచనా మీ సోలార్ ఖర్చుకి దగ్గర్లో ఉంటే లైనే తీసుకుని, చిన్న బ్యాటరీతో హైబ్రిడ్ (లైన్, సోలార్ రెండూ కలిపి నడిచేది) పెట్టుకోండి. చాలా ఎక్కువ వచ్చిందా, అప్పుడు కింద చెప్పేదంతా మీకోసమే.

ఇక్కడే ఒక మాట, ఊళ్లో వాళ్లని చూసి మోసపోవద్దు. విశాఖ ఎంవీపీ కాలనీలో మేడల మీద కనిపించేవి చాలా వరకు ఆన్ గ్రిడ్ ప్యానెళ్లు. వాటికి బ్యాటరీ ఉండదు, కరెంట్ పోతే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆగిపోతాయి. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కి మీ ఇంటి నుంచి షాక్ కొట్టకుండా కావాలనే అలా చేస్తారు. "మా బావమరిదికి 3 కిలోవాట్లు ఉన్నాయి, ఏసీ కూడా నడుస్తుంది" అనే లెక్క మీ తోట ఇంటికి పనికిరాదు.

సరే, లోడు. మీరిచ్చిన లిస్టు: రెండు ఫ్యాన్లు, అయిదు బల్బులు, చిన్న ఫ్రిజ్, టీవీ, వైఫై రౌటర్, ఒక హెచ్‌పీ బోరు మోటార్. ఫ్యాన్లు మామూలువైతే ఒక్కోటి 75 వాట్లు, పన్నెండు గంటలకి రెండూ కలిపి 1.8 యూనిట్లు తాగేస్తాయి. అదే తక్కువ కరెంట్ తాగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 వాట్ల దగ్గర నడుస్తుంది, 0.7 యూనిట్‌తో సరి. అంటే రెండు ఫ్యాన్లు మార్చడం వల్ల రోజుకి ఒక యూనిట్ మిగులుతుంది, ఆ యూనిట్‌ని బ్యాటరీలో దాచుకోవాలంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే కొత్త ఫ్యాన్ల ఖరీదు ఏ మూలకి? ఇదే నేను మొదట చేయించే పని, ప్యానెల్ కొనకముందే. ఆ తర్వాత బల్బులు పావు యూనిట్, ఫ్రిజ్ ఎండాకాలంలో ఒక యూనిట్ అనుకోండి, టీవీ పావు, రౌటర్ రోజంతా ఉంటుంది కాబట్టి అదీ పావు. మోటార్ గంట వేస్తే ఒక యూనిట్. అంతా కలిపి మూడున్నర.

డీలర్లు చెప్పని ఇంకో తిండిపోతు ఉంది, ఇన్వర్టరే. ఇంట్లో ఏదీ వెయ్యకపోయినా 3 కిలోవాట్ల ఇన్వర్టర్ తన పొట్టకి తాను 40 వాట్ల దాకా తింటుంది, ఇరవై నాలుగు గంటలకి దాదాపు ఒక యూనిట్! డేటా షీట్‌లో నో లోడ్ కన్సంప్షన్ అని ఉంటుంది, అడిగి చూడండి, 30 కన్నా 60 ఉన్నదానికి రోజూ రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్ల కరెంట్ అదనంగా పోతున్నట్టే. దాంతో మొత్తం నాలుగున్నర యూనిట్లు, అందులో సూర్యుడు లేనప్పుడు వాడేది రెండు, రెండుంపావు. మీ సిస్టమ్ మొత్తం ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది.

మోటార్‌ని పగలు పదకొండు నుంచి రెండు మధ్యలోనే వెయ్యండి, ఎంత అవసరమైనా రాత్రి వెయ్యొద్దు. దాని బదులు ట్యాంకు పెద్దది పెట్టుకోండి. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా ఒక బ్యాటరీయే, దానికి డిస్టిల్డ్ వాటర్ పొయ్యక్కర్లేదు, అయిదేళ్లకి మార్చక్కర్లేదు. కాకపోతే ఆ ట్యాంకు నీడ ప్యానెళ్ల మీద పడకుండా ఉత్తరం వైపు పెట్టించండి. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు, ప్యానెళ్లు బిగించాక వాటికి దక్షిణాన ట్యాంకు కట్టుకున్న ఇళ్లు నేను మూడు చూశాను.

ఇప్పుడు ప్యానెళ్లు. మన దగ్గర కిలోవాట్‌కి మంచి రోజుల్లో నాలుగు యూనిట్ల దాకా వస్తుంది, జూలై ఆగస్టుల్లో మబ్బు పట్టిన వారాల్లో మూడు లోపే అనుకుని లెక్క వేసుకోవాలి. బ్యాటరీలో పోయి వచ్చేదానికి, ఇన్వర్టర్‌కి కలిపి ఇరవై శాతం తరుగు. నాలుగున్నర యూనిట్లు కావాలంటే అయిదున్నర పుట్టాలి, దానికి 540 వాట్లవి నాలుగు ప్యానెళ్లు, అంటే 2.16 కిలోవాట్లు చాలు. ముసురు పట్టిన రోజు మోటార్ మానేస్తారు, అంతే. మీ డీలర్ ఆరు ఎందుకు రాశాడో తెలుసా? పీడబ్ల్యూఎం రాశాడు కాబట్టి. ఆ కంట్రోలర్ ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 540 వాట్ల ప్యానెల్ 41 వోల్ట్ల దగ్గర 13 ఆంప్స్ ఇచ్చేలా తయారైంది, దాన్ని 26 వోల్ట్ల బ్యాటరీకి కట్టేస్తే 13 ఇంటూ 26, 340 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ప్యానెల్‌కి 200 వాట్లు గాలికి. ఆరు ప్యానెళ్లలో రెండు ఊరికే మేడ ఎక్కి కూర్చున్నట్టు. ఎంపీపీటీ కంట్రోలర్ ఆ మిగతా వోల్టేజీని ఆంప్స్‌గా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. రేటు తేడా ఉంటుంది గానీ రెండు ప్యానెళ్లు, వాటి స్టాండు, కేబుల్ మిగులుతాయి. వీధి దీపాలకీ చిన్న చిన్న 12 వోల్ట్ల ప్యానెళ్లకీ పీడబ్ల్యూఎం బాగానే ఉంటుంది, ఇంటికి వద్దు.

24 వోల్ట్లు కూడా నాకు నచ్చలేదు. 3 కిలోవాట్లు 24 వోల్ట్ల మీద లాగితే 125 ఆంప్స్, కేబుల్ వేళ్లు కాలేలా వేడెక్కుతుంది, లగ్గు, అంటే కేబుల్ చివర బిగించే ముక్క, కొంచెం వదులైనా అక్కడే కరుగుతుంది. అవే నాలుగు బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) పెట్టి 48 వోల్ట్లు చేస్తే ఆంప్స్ సగం. పైగా 24లో రెండేసి బ్యాటరీల జతలు ప్యారలల్‌లో (పక్కపక్కన) పెట్టాలి, ఒక జత ఇంకో జతని ఎప్పుడూ లాగుతూ ఉంటుంది. 48 అడగండి.

నాలుగు ప్యానెళ్లని రెండేసి సిరీస్‌లో, ఆ రెండు జతలు ప్యారలల్‌లో పెడితే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (లోడు లేనప్పుడు వచ్చే వోల్టేజ్) 99 వోల్ట్ల దగ్గర ఉంటుంది, 150 వోల్ట్ల ఎంపీపీటీకి సుఖంగా సరిపోతుంది. మూడు సిరీస్ చేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇది నా సొంత తప్పు నుంచి చెప్తున్నాను. అరకు దగ్గర ఒక గెస్ట్ హౌస్‌కి మే నెలలో మూడు ప్యానెళ్లు సిరీస్‌లో పెట్టాను. 49.5 ఇంటూ 3, 148.5 వోల్ట్లు, కంట్రోలర్ 150కి, ఒకటిన్నర వోల్ట్లు మిగిలాయి కదా అనుకున్నాను. ఎండలో ప్యానెల్ వేడెక్కితే వోల్టేజ్ తగ్గుతుంది కాబట్టి వేసవి అంతా బాగానే నడిచింది. డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున అక్కడ అయిదు డిగ్రీల చలి, అప్పుడే ఎండ పడింది, చల్లటి ప్యానెళ్లు 156 వోల్ట్లు ఇచ్చాయి, కంట్రోలర్ అక్కడికక్కడే పోయింది. వారంటీ వాళ్లు లాగ్ చూసి ఓవర్ వోల్టేజ్ అన్నారు, నోరెత్తడానికి ఏమీ లేదు, కొత్తది నా జేబులోంచే. భీమిలిలో అంత చలి ఉండదు నిజమే, కానీ 18 డిగ్రీలకే 151 దాటుతుంది.

వేడి గురించి వచ్చింది కాబట్టి, ప్యానెల్ 60 డిగ్రీలకి వెళ్తే పన్నెండు శాతం పవర్ పోతుంది. అందుకే రేకు మీద అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా జానెడైనా ఎత్తు ఉంచాలి. సింహాద్రి ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 25 మెగావాట్ల ప్యానెళ్లు తేలుతున్నాయి చూశారా, వాటికి నీళ్ల చల్లదనం కలిసొస్తుంది, మనకి గాలే దిక్కు. వాలు దక్షిణానికి 15 నుంచి 18 డిగ్రీలు, మనది 17.9 అక్షాంశం కాబట్టి అంతే. గాలి భయం ఉంటే 10 కూడా పర్లేదు, పోయేది చాలా తక్కువ.

బ్యాటరీ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఫోన్లు వచ్చేవన్నీ దీని గురించే. నాలుగు 150 ఏహెచ్ ట్యూబులర్‌లు అంటే కాగితం మీద 7.2 యూనిట్లు. సగం కన్నా ఎక్కువ తీస్తే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి వాడుకోదగ్గది 3.6. మీ రాత్రికి రెండుంపావు పోగా మర్నాడు మబ్బేస్తే కాస్త మిగులుతుంది. 51.2 వోల్ట్ల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఒక్కటి 5.1 యూనిట్లు, అందులో 80 నుంచి 90 శాతం వాడొచ్చు, అంటే నాలుగు పైనే. గూట్లో పట్టే పెట్టె నాలుగు పెద్ద బ్యాటరీల కన్నా ఎక్కువ ఇస్తుందన్నమాట. కానీ నేను మీకు లిథియం చెప్పేది దీనికోసం కాదు. మన వాతావరణం కోసం. ట్యూబులర్‌కి పదో వంతు కరెంట్‌తోనే, అంటే 15 ఆంప్స్‌తో చార్జ్ ఎక్కించాలి, చివరి ఇరవై శాతం నిండడానికి మూడు నాలుగు గంటలు నిదానంగా పోస్తూనే ఉండాలి. అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురేసి నాలుగో రోజు మధ్యాహ్నం రెండు గంటలు ఎండ కాసిందనుకోండి, ట్యూబులర్ ఆ ఎండని మింగలేదు, సగం కడుపుతోనే రాత్రిలోకి వెళ్తుంది. అలా నెల గడిస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా రాదు. తోట ఇళ్లల్లో రెండేళ్లకే పోయిన ట్యూబులర్‌లు దాదాపు అన్నీ ఇలా ఆకలికి చచ్చినవే, వాడకం ఎక్కువై కాదు. లిథియం ఆ రెండు గంటల్లో 30, 40 ఆంప్స్ గటగటా తాగేస్తుంది, సగంలో ఉన్నా దానికేమీ కాదు.

అయినా ట్యూబులరే అంటారా, తప్పేం లేదు, చేతిలో ఉన్న డబ్బుని బట్టే కదా ఎవరైనా. అప్పుడు సీ10 రేటింగ్ (పది గంటల్లో ఖాళీ చేసే లెక్క) ఉన్న సోలార్ బ్యాటరీ అడగండి, ఇన్వర్టర్‌కి అమ్మే సీ20వి (ఇరవై గంటల లెక్కవి) ఇంటి పవర్ కట్ కోసం చేసినవి, రోజూ దింపి ఎక్కించడానికి కాదు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి, ఒకేసారి కొనండి. రెండేళ్ల తర్వాత ఒకటి పోతే ఒకటే కొత్తది పెడదాం అనుకుంటారు, ఆ కొత్తది కూడా ఏడాదిలో ముసలిదైపోతుంది. ఇంకా ముఖ్యం, ఇన్వర్టర్‌లో "లో బ్యాటరీ కట్" (బ్యాటరీ దిగిపోతే ఆపేసే సెట్టింగ్) ఫ్యాక్టరీ నుంచి బ్యాటరీకి 10.5 దగ్గర, అంటే నాలుగింటికి 42 వోల్ట్ల దగ్గర ఉంటుంది. దాన్ని 46, 47కి పెంచించండి. ఈ ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు, ఏడాదో రెండేళ్లో కలిసొస్తుంది, కానీ బిగించే కుర్రాళ్లు మెనూలోకి వెళ్లే ఓపిక చెయ్యరు. చార్జింగ్ వోల్టేజ్ బ్యాటరీకి 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజ్) 13.6, గరిష్ఠ చార్జింగ్ కరెంట్ 15, ఇవి కాగితం మీద రాసి ఇన్వర్టర్ పక్కన అంటించండి.

లిథియం అయితే పేరు చూసి కాదు, లోపలేముందో చూసి కొనండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అని రాసి ఉండాలి. ఈ మధ్య పాత ఎలక్ట్రిక్ ఆటోల సెల్స్ విప్పి, కొత్త డబ్బాలో పెట్టి, స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారు, మూణ్ణెల్లు బాగుంటాయి. బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఇన్వర్టర్‌తో మాట్లాడేలా కమ్యూనికేషన్ కేబుల్ ఉండాలి, ఆ జతకి అనుకూలత ఉందని డీలర్ చేత రాయించుకోండి. చార్జింగ్ 56 నుంచి 56.8 వోల్ట్ల దగ్గర ఆపండి, 58.4 దాకా లాగక్కర్లేదు. లిథియం వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, నిండా ఉన్నా సగమున్నా దాదాపు ఒకేలా చూపించి చివర్లో ధబేల్మని పడిపోతుంది, అందుకే ఎక్కిన, దిగిన కరెంట్‌ని లెక్కపెట్టి శాతం చూపించే షంట్ మీటర్ ఉండాలి. వారంటీ ఏళ్లలో ఉందా సైకిళ్లలో (ఎన్నిసార్లు నింపి దింపారన్న లెక్క) ఉందా, ఏది ముందైతే అదా అన్నది చదవండి, చిన్నక్షరాలు మీ కళ్లకి కనిపించకపోతే మనవడి చేత చదివించుకోండి.

ఏ బ్యాటరీ అయినా పడమటి గోడకి ఆనించి పెట్టొద్దు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మెట్ల కింద గూట్లో తలుపేసి పెట్టేవాళ్లున్నారు, ట్యూబులర్ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, అది తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది, గోడకి పైనే కన్నం ఉండాలి. అక్కడే దేవుడి దీపం వెలిగించే ఇల్లు కూడా చూశాను, చూసి దండం పెట్టి ముందు దీపం చోటు మార్పించాను.

ఇక మీ ఇంటికి అసలు శత్రువు, ఉప్పుగాలి. హైదరాబాద్‌లో పెట్టే సామానే ఇక్కడ పెడితే రెండు వర్షాకాలాలకి తుప్పు పట్టి రాలుతుంది. ప్యానెల్ డేటా షీట్‌లో ఐఈసీ 61701 అని సాల్ట్ మిస్ట్ (ఉప్పుగాలి) పరీక్ష పాసైనట్టు ఉండాలి. స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచినది), 80 మైక్రాన్ల పూత. పెయింటు వేసిన ఎంఎస్ (మామూలు ఇనుము) యాంగిల్‌ని "ఇదీ అదే సార్" అంటారు, అది ఇది కాదు. సైట్‌లో వెల్డింగ్ చేస్తే ఆ చోట పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది, బోల్టులతో బిగించేదే పెట్టించండి. బోల్టులు ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 316, మీరున్న చోట 304 కూడా మచ్చలు పడుతుంది. డీసీ కేబుల్ తగరం పూసిన రాగిది, 4 స్క్వేర్ ఎంఎం. ప్యానెల్ కేబుళ్లని కలిపే ఎంసీ4 కనెక్టర్లు మగా ఆడా రెండూ ఒకే కంపెనీవి ఉండాలి, చూడ్డానికి అతికినా లోపల వదులుగా ఉండి కాలిన జతలు నా డబ్బాలో ఒక డజను ఉన్నాయి, కొత్త కుర్రాళ్లకి చూపించడానికి దాచాను.

తర్వాత గాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు గుర్తుందిగా. అప్పటికి ఎంవీపీ కాలనీలో నేను పెట్టిన ఒక సిస్టమ్‌లో ఒక వరస మొత్తం స్టాండుతో సహా తిరగబడి పక్క సందులో పడింది. మనుషులెవరూ లేరు, అది మా అదృష్టం. బోల్టు తెగలేదు, క్లాంపు వంగలేదు, కింద పెట్టిన సిమెంట్ దిమ్మెలే బరువు చాలలేదు. ఐఎస్ 875 (కట్టడాల మీద గాలి తోపుడుకి మన దేశ ప్రమాణం) ప్రకారం విశాఖకి డిజైన్ గాలి సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. అంత గాలి చదరపు మీటరు మీద 150 కేజీలు తోస్తుంది. మీ 540 వాట్ల ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లు, అంటే ఒక్కో దాన్నీ 400 కేజీల దగ్గర ఎత్తగలదు, ప్యానెల్ బరువేమో ముప్పై కేజీల లోపు. కాబట్టి దిమ్మె వద్దు, శ్లాబులో కెమికల్ యాంకర్ (జిగురు మందుతో పట్టే బోల్టు) వేసి కాళ్లు బిగించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చెయ్యమనండి. కొటేషన్‌లో "50 మీటర్ల గాలికి" అని రాయమని అడగండి, రాయడానికి వెనకాడితే సంగతి మీకే అర్థమైపోతుంది.

భద్రత విషయం తొందరగా చెప్పేస్తాను. ప్యానెళ్ల వైపు, బ్యాటరీ వైపు డీసీ ఎంసీబీలే (ట్రిప్ స్విచ్‌లు) వాడాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీలో తెరుచుకున్నా లోపల మెరుపు ఆరదు, ఏసీలో అయితే కరెంట్ సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆరిపోతుంది, డీసీకి ఆ సున్నా లేదు, అలా కాలుతూనే ఉంటుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు లోపు ఫ్యూజ్. రెండు వైపులా ఎస్పీడీ (పిడుగు పోటుని ఆపేది). ఎర్తింగ్ మాత్రం మీ దగ్గర తేలిక కాదు, ఎర్రమట్టి దిబ్బల వైపు ఇసుక నేల ఎండాకాలంలో కరెంట్‌ని అసలు తీసుకోదు. మామూలు గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వేసేస్తే మొదటి ఏడాది బాగుంటుంది, తర్వాత ఉప్పు కరిగిపోతుంది. బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే మట్టి) వేసిన పిట్ చేయించి, మీ ముందే మీటర్ పెట్టి అయిదు ఓమ్స్ లోపు చూపించమనండి. ఏప్రిల్ మే నెలల్లో ఆ గోతిలో ఒక బిందె నీళ్లు పొయ్యండి.

నిర్వహణ అంటే పెద్ద పనేం కాదు, మరిచిపోకుండా చెయ్యడమే కష్టం. ప్యానెళ్లు మీ దగ్గర పదిహేను రోజులకోసారి కడిగితే చాలు, పోర్టు దగ్గరి పాత ఊళ్లో అయితే బొగ్గు పొడికి వారం కూడా ఎక్కువే. తెల్లవారగానే, గాజు చల్లగా ఉన్నప్పుడే కడగాలి, మధ్యాహ్నం కాలే గాజు మీద చల్లటి నీళ్లు కొడితే పగలొచ్చు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నారు, వాటితో కడిగి వదిలేస్తే తెల్ల చారలు కట్టి దుమ్ము కన్నా ఎక్కువ నష్టం, వాన నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి ఉంచుకోండి, చివర్లో మెత్తని గుడ్డతో తుడిచేయండి. సబ్బు పొడి, పీచు వద్దు, ప్యానెల్ మీద కాలు అసలే వద్దు, పైకి ఏం కనిపించకపోయినా లోపల సెల్స్ చిట్లుతాయి. కొబ్బరాకు ఒక్కటి అడ్డం పడినా ప్యానెల్‌లో మూడో వంతు ఆగిపోవచ్చు, జీడి కొమ్మలు ఏటా ఎంత పెరుగుతాయో చూసుకుని కొట్టిస్తూ ఉండండి.

ట్యూబులర్ పెడితే నెలకోసారి నీళ్ల మట్టం చూడాలి, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛమే కదా అని పోస్తారు చాలామంది, కాయిల్ మీది దుమ్మూ లోహమూ కలిసుంటాయి, వద్దు. యాసిడ్ అయితే ఎవడు చెప్పినా పొయ్యొద్దు. హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం చూసేది) కొనుక్కోండి, పూర్తి చార్జ్ తర్వాత 1240 దగ్గర రావాలి, ఆరు సెల్స్‌లో ఒకటి మిగతావాటి కన్నా 30 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద కన్నేసి ఉంచండి. టెర్మినల్ మీద తెల్లటి, నీలం పొడి పడితే ఇన్వర్టర్ ఆపి, వంట సోడా నీళ్లతో తుడిచి, ఆరాక బిగించి పైన వాజలిన్ రాయండి. మూణ్ణెల్లకోసారి అన్ని లగ్గులూ బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి, చేతి ఉంగరం, వాచీ తీసేసి, స్పానర్‌కి టేపు చుట్టి. ఉంగరం వేలికే అతుక్కుపోయిన మనిషిని నేను కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

ఇన్వర్టర్‌కి మన దగ్గర పెద్ద గండం బల్లి. ఫ్యాన్ జాలీలోంచి వెచ్చదనానికి లోపలికి దూరి బోర్డు మీద రెండు చోట్ల కాళ్లు పెడుతుంది, అది పోతుంది, బోర్డూ పోతుంది. సన్న దోమల జాలీ బిగించి, దాన్ని నెలకోసారి బ్రష్‌తో దులపండి, లేకపోతే గాలాడక అదో తంటా. చీమలు రాకుండా కేబుల్ దూరే గ్లాండ్ కన్నాల దగ్గర సిలికాన్.

తుపాను హెచ్చరిక వస్తే రెండు రోజుల ముందే బ్యాటరీ నిండా చార్జ్ చేసుకుని, ట్యాంకు నింపుకుని, ఫ్రిజ్ ఖాళీ చేసెయ్యండి, బోల్టులు ఒకసారి తిప్పి చూడండి, మేడ మీద వదులు రేకులు, పూలకుండీలు దింపేయండి, ప్యానెల్ పగిలేది చాలాసార్లు పక్కింటి రేకు తగిలే. గాలి మొదలవగానే ప్యానెళ్ల డీసీ ఐసొలేటర్ (లైన్ విడదీసే స్విచ్) ఆపెయ్యండి. గాలి మొదలయ్యాక మేడెక్కి ప్యానెళ్లు విప్పుదాం అనే ఆలోచన మాత్రం వద్దు. తగ్గాక కూడా తడి కేబుల్స్ చూసి, పగిలిన ప్యానెల్ ఉంటే చేత్తో ముట్టుకోకుండా, దాన్ని లైన్‌లోంచి తీయించాకే మళ్లీ ఆన్ చెయ్యండి, పగిలిన ప్యానెల్ కూడా ఎండలో కరెంట్ ఇస్తూనే ఉంటుంది.

కాబట్టి డీలర్‌కి ఇలా చెప్పండి: నాలుగు ప్యానెళ్లు, స్టాండు మాత్రం ఆరుకి చోటుండేలా, 48 వోల్ట్లు, ఎంపీపీటీ, లిథియం ఒకటికి ఒక ధర, సీ10 ట్యూబులర్ నాలుగింటికి ఒక ధర, విడివిడిగా. ఇన్వర్టర్ సైజు ఇప్పుడే ఖాయం చెయ్యొద్దు. ఒక హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడు కిలోవాటే గానీ, స్టార్ట్ అయ్యే ఆ ఒక్క క్షణం నాలుగైదు రెట్లు లాగుతుంది. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇన్వర్టర్ తట్టుకుంటుంది, తేలికపాటివి కొన్ని ట్రిప్ అయిపోతాయి. మోటార్ స్టార్టర్ డబ్బా మీది ప్లేటు, బోరు లోతు, కెపాసిటర్ మీది అంకెలు ఫొటో తీసి పెట్టండి, అవి చూసి 3 సరిపోతుందో 5 కావాలో, లేక మోటార్‌కే విడిగా రెండు ప్యానెళ్లతో సోలార్ పంపు పెట్టుకోవడం మేలో చెప్తాను.